కెమెరాలు వెళ్లిపోయాక తేలే లెక్కలు: వార్తా సంస్థల సంపాదకులకు బహిరంగ లేఖ

వార్తాపత్రికల, టీవీ ఛానెళ్ల, వార్తా వెబ్‌సైట్ల సంపాదకులకు,

నమస్కారం.

వడగాడ్పులు, కుండపోత వానలు, తుపానులు, కార్చిచ్చులు ఇప్పుడు ఏడాది పొడవునా మీ పేజీల్లో, మీ తెరల మీద కనిపిస్తున్నాయి. వాటిని మీరు పట్టించుకోవడం లేదని ఎవరూ అనలేరు. విపత్తు విరుచుకుపడిన రోజున మీ విలేకరులు ప్రాణాలకు తెగించి పనిచేస్తారు, మీ డెస్కుల్లో తెల్లవార్లూ దీపాలు ఆరవు. నా ఫిర్యాదు ఆ రోజు గురించి కాదు, ఆ తర్వాతి రోజుల గురించి. ఒక తీవ్ర వాతావరణ ఘటనకు సంబంధించిన ముఖ్యమైన నిజాలు దాదాపు అన్నీ ఆలస్యంగానే తేలుతాయి. నమోదైన ఉష్ణోగ్రత సరైనదేనా అన్నది రోజుల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత తెలుస్తుంది. అందులో భూతాపం పాత్ర ఎంత అన్నది వారం పది రోజులకు గానీ తెలియదు. ఎంతమంది చనిపోయారన్నది నెలలు గడిస్తే తప్ప లెక్కకు రాదు. నష్టంలో మనుషుల నిర్లక్ష్యం వాటా ఎంతో విచారణలు ముగిశాకే బయటపడుతుంది. అప్పటికి మీరు వేరే వార్త మీద ఉంటారు. పాఠకుడి దగ్గర మిగిలేది మొదటి రోజు అంకె, మొదటి రోజు ఫొటో, మొదటి రోజు ఊహ. వాతావరణ మార్పు గురించి జనం చేసుకునే వాదనల్లో ఎక్కువ భాగం ఈ మొదటి రోజు సరుకు మీదే నడుస్తోంది.

రికార్డుల సంగతి చూడండి. 2024 మే 29న ఢిల్లీ శివార్లలోని ముంగేశ్‌పుర్ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రంలో 52.9 డిగ్రీల సెల్సియస్ నమోదైందన్న వార్త గంటల్లో ప్రపంచాన్ని చుట్టివచ్చింది. 2016లో రాజస్థాన్‌లోని ఫలోదిలో నమోదైన 51 డిగ్రీలను దాటేసింది కనుక దేశ చరిత్రలోనే ఇది అత్యధికమని శీర్షికలు వెలువడ్డాయి. ఆ రోజు నగరంలోని మిగతా కేంద్రాల్లో 45 నుంచి 49 డిగ్రీలే ఉందని, ఆ ఒక్క కేంద్రం మాత్రమే తేడాగా చూపిస్తోందని, సెన్సార్ లోపమో స్థానిక కారణమో పరిశీలిస్తున్నామని వాతావరణ విభాగం వెంటనే చెప్పింది. కొద్ది రోజుల్లోనే ఆ సెన్సార్ దాదాపు 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేల్చింది. మొదటి వార్త చదివినవాళ్లలో ఎంతమంది రెండోది చదివి ఉంటారు? తప్పు అంకె జనం మనసుల్లో ఉండిపోవడం ఒక నష్టం. 49 డిగ్రీలు కూడా ప్రాణాలు తీసే వేడే అన్న అసలు వార్త ఆ పెద్ద అంకె నీడలో కనబడకుండా పోవడం అంతకంటే పెద్ద నష్టం. పైగా, సవరణ వచ్చాక “అంతా ఉత్తిదేనట” అనడానికి కాచుకుని కూర్చున్నవాళ్లకు మనమే మాట అందించినట్టయింది.

ఇది ఏ ఒక్క దేశానికో పరిమితమైన జబ్బు కాదు. 2019 జూలై 25న జర్మనీలోని లింగెన్‌లో నమోదైన 42.6 డిగ్రీలను ఆ దేశపు జాతీయ రికార్డుగా అన్ని పత్రికలూ ప్రకటించాయి. కేంద్రం చుట్టూ పెరిగిన చెట్ల వల్ల గాలి ఆడక వేడి ఎక్కువగా నమోదైందని గుర్తించి, దాదాపు ఏడాదిన్నర తర్వాత జర్మనీ వాతావరణ సంస్థ దాన్ని రద్దు చేసింది. అదే రోజు మరో రెండు చోట్ల నమోదైన 41.2 డిగ్రీలు రికార్డుగా నిలిచాయి. అంటే రికార్డు బద్దలైన మాట నిజమే, ఏ అంకెతో అన్నదే మారింది. లిబియాలోని అల్ అజీజియాలో 1922లో నమోదైన 58 డిగ్రీలైతే 90 ఏళ్ల పాటు ప్రపంచ రికార్డుగా పాఠ్యపుస్తకాల్లో కొనసాగి, 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ పునఃపరిశీలనలో కొట్టుకుపోయింది. మరో సాధారణ పొరపాటు కూడా ఉంది. ఉపగ్రహాలు కొలిచేది నేల ఉపరితలపు వేడిని. వాతావరణ కేంద్రాలు కొలిచేది నీడలో, నేలకు కొంత ఎత్తున ఉండే గాలి ఉష్ణోగ్రతను. ఎండలో నేల గాలి కంటే చాలా ఎక్కువగా కాగుతుంది. 2021 జూన్‌లో సైబీరియాలో 48 డిగ్రీలంటూ చక్కర్లు కొట్టిన వార్త నేల ఉష్ణోగ్రతది. గాలి ఉష్ణోగ్రత విషయంలో అంతకు ముందటి ఏడాది అదే సైబీరియాలోని వెర్ఖోయాన్స్క్‌ పట్టణంలో నమోదైన 38 డిగ్రీలే అసలైన సంచలనం. ఆర్కిటిక్ వలయం లోపల అంతటి వేడి నమోదైనట్టు ప్రపంచ వాతావరణ సంస్థ 2021 డిసెంబరులో ధ్రువీకరించింది.

ఓట్ల లెక్కింపు రోజున ఒక అభ్యర్థి పదివేల ఆధిక్యంలో ఉన్నా సరే, చివరి రౌండు ముగిసే దాకా మీరు “ముందంజ” అనే రాస్తారు తప్ప “గెలుపు” అని రాయరు. అంత క్రమశిక్షణ మీకు అలవాటే. దాన్ని ఉష్ణోగ్రతలకూ వర్తింపజేయమనే అడుగుతున్నాను. “ప్రాథమిక సమాచారం, ధ్రువీకరణ జరగాల్సి ఉంది” అన్న ముక్క వార్త చివరి పేరాలో కాక శీర్షిక కిందనే ఉండాలి. ఆ ధ్రువీకరణ వచ్చిన రోజున దాన్ని మొదటి వార్త వచ్చిన చోటే వేయాలి. వెబ్‌సైట్లకు ఇది మరీ తేలిక. పాత వార్త పైభాగంలో రెండు వాక్యాలు చేరిస్తే చాలు. తప్పు వార్త అలాగే ఉండిపోయి, ఏళ్ల తరబడి వెతుకులాటల్లో మొదటిదిగా కనిపిస్తూ ఉండటం కంటే ఆ రెండు వాక్యాల శ్రమ పెద్దదేమీ కాదు.

మరణాల లెక్కకు వస్తే విషయం ఇంకా బరువైనది. వరదకు కొట్టుకుపోయిన వంతెనను కెమెరా చూడగలదు, వేడికి గదిలో పడిపోయిన మనిషిని చూడలేదు. 2021 జూన్ చివరి వారంలో కెనడా పశ్చిమ తీరాన్ని కమ్ముకున్న వేడిలో లిట్టన్ అనే చిన్న గ్రామం 49.6 డిగ్రీలకు చేరింది. ఆ దేశపు పాత రికార్డు 45 డిగ్రీలు. రికార్డులు సాధారణంగా పావు డిగ్రీ, అర డిగ్రీ తేడాతో బద్దలవుతాయి, ఇది ఏకంగా నాలుగున్నర డిగ్రీలకు పైగా దాటేసింది. మర్నాడే మంటలు చెలరేగి ఆ గ్రామంలో చాలా భాగం బూడిదైంది. ప్రపంచం చూసిన దృశ్యం ఆ బూడిదే. కానీ ఆ రోజుల్లో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో వేడి వల్ల చనిపోయిన వారు 619 మంది అన్న సంగతి మరుసటి ఏడాది మరణ విచారణాధికారుల నివేదికతో ఖరారైంది. వాళ్లలో 98 శాతం మంది ఇళ్లలాంటి నాలుగు గోడల మధ్యే చనిపోయారు. మూడింట రెండు వంతుల మంది 70 ఏళ్లు దాటినవాళ్లు. సగానికి పైగా ఒంటరిగా బతుకుతున్నవాళ్లు. రాబోయే వేసవిలో ఒక ప్రాణం నిలబెట్టగల వార్త ఏదైనా ఉంటే అది ఈ నివేదికే. ఎండలో తిరగవద్దన్న సలహా ఒక్కటే చాలదని, పక్కింట్లో ఒంటరిగా ఉన్న వృద్ధుల తలుపు తట్టి చూడాలని అది స్పష్టంగా చెబుతోంది. కాలిపోయిన ఊరి ఫొటోకు దొరికిన చోటులో పదో వంతు కూడా ఈ నివేదికకు దక్కలేదు.

2003లో యూరప్‌ను కుదిపేసిన వేసవి మరణాల లెక్క 70,000 దాటిందని తేల్చిన అధ్యయనం వెలువడింది 2008లో. 2022 వేసవిలో అదే ఖండంలో 61,000 మందికి పైగా వేడి వల్ల చనిపోయారన్న అంచనా మరుసటి ఏడాది జూలైలో వచ్చింది. ఇలా ఎందుకు ఆలస్యమవుతుందో పాఠకులకు ఎప్పుడైనా వివరించారా? వేడి వల్ల చనిపోయిన వారిలో చాలామంది ధ్రువపత్రాల్లో గుండెపోటు అనో, మూత్రపిండాల వైఫల్యం అనో ఉంటుంది. అందుకే నిపుణులు మామూలుగా ఆ కాలంలో జరిగే మరణాలతో పోల్చి, ఆ వారాల్లో అదనంగా ఎంతమంది చనిపోయారో లెక్కగడతారు. ఆ గణాంకాలు చేతికందడానికి నెలలు పడుతుంది. ఈ సంగతి తెలియని పాఠకుడు మొదటి వారంలో మీరు ఇచ్చిన “వడదెబ్బకు నలుగురి మృతి” అన్న వార్తే మొత్తం లెక్క అనుకుంటాడు. వేడిని తేలిగ్గా తీసుకుంటాడు.

ఆ తేలికదనానికి ఫొటోలూ కారణమే. 2019 వేసవిలో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ వార్తా సంస్థలు వడగాడ్పుల కథనాలకు వాడిన చిత్రాలను పరిశోధకులు పరిశీలించినప్పుడు, కథనంలో హెచ్చరిక, పక్కనున్న ఫొటోలో సరదా అన్న వైరుధ్యం పదే పదే బయటపడింది. సముద్రపు ఒడ్డున కేరింతలు, ఫౌంటెన్ల కింద పిల్లలు, ఐస్‌క్రీములు. నాలుగు దేశాల మాట అలా ఉంచి, మీ సొంత ఫొటో లైబ్రరీలో వేసవి ఫోల్డరు తెరిచి చూడండి. పైకప్పు రేకులు కాగి కొలిమిలా మారిన గదిలో మంచం పట్టిన మనిషి ఫొటో, భవన నిర్మాణం దగ్గర మధ్యాహ్నం ఇటుకలు మోస్తున్న కూలీ ఫొటో, రాత్రి పూట సైతం చల్లబడని వార్డులో రోగుల ఫొటో అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఎన్ని ఉంటే, వేడి గురించి మీ సంస్థకు అంత తెలుసని అర్థం. వరదల సంగతికొస్తే నడుము లోతు నీళ్లలో నిలబడి “నేను ప్రస్తుతం నడుము లోతు నీళ్లలో ఉన్నాను” అని చెప్పే విలేకరి మీద నాకు కోపం లేదు, జాలే ఉంది. ఆయన్ను అక్కడ నిలబెట్టినవాళ్లకు మాత్రం ఒక ప్రశ్న. ఆ నీరు ఎటునుంచి వచ్చిందో, ఎటు పోవాల్సి ఉండి పోలేకపోయిందో చెప్పడానికి ఆయన పొడినేల మీద ఉంటే ఇంకాస్త వీలుండేది కాదా?

ఇక అసలు వివాదం, ఈ ఘటనకు వాతావరణ మార్పే కారణమా అన్నది. ఒకప్పుడు మీ కథనాల్లో “ఏ ఒక్క ఘటననూ వాతావరణ మార్పుకు ఆపాదించలేము” అన్న వాక్యం తప్పనిసరిగా ఉండేది. అది ఆ రోజుల్లో నిజమే. 2003 వేడి మీద బ్రిటన్ శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన అధ్యయనంతో అది పాతబడిపోయింది. మానవ ప్రభావం అలాంటి వేసవి వచ్చే ముప్పును కనీసం రెట్టింపు చేసిందని వాళ్లు లెక్కగట్టారు. ఆ తర్వాత పదేళ్లకు ఫ్రీడెరికె ఓట్టో, గీర్ట్ యాన్ వాన్ ఓల్డెన్‌బర్గ్ తదితరులు మొదలుపెట్టిన వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ బృందం ఇలాంటి లెక్కలను రోజుల వ్యవధిలో చేయడం నేర్చుకుంది. పద్ధతి మరీ అర్థం కానిదేమీ కాదు. ఇప్పటి వేడెక్కిన ప్రపంచంలో ఇలాంటి ఘటన ఎన్నేళ్లకు ఒకసారి వస్తుందో నమోదైన గణాంకాలతో, కంప్యూటర్ నమూనాలతో అంచనా కడతారు. పరిశ్రమల యుగానికి ముందునాటి వాతావరణంలో అదే ఘటన ఎంత అరుదుగా వచ్చేదో మళ్లీ లెక్కిస్తారు. రెండింటి మధ్య తేడాయే జవాబు. అది రెండు రూపాల్లో వస్తుంది. అవకాశం ఎన్ని రెట్లు పెరిగింది, తీవ్రత ఎంత పెరిగింది. లిట్టన్ వేడి ముగిసిన వారానికే, 2021 జూలై 7న, భూతాపం లేకపోతే అది దాదాపు అసాధ్యమని ఈ బృందం ప్రకటించగలిగింది.

ఆ జవాబు వచ్చేలోగా మీరు మౌనంగా ఉండనక్కర్లేదు. ఏ రకం ఘటన మీద ఎంత గట్టిగా మాట్లాడవచ్చో ఇదివరకే తేలి ఉంది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం, పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో 50 ఏళ్లకు ఒకసారి వచ్చే స్థాయి వేడి, భూమి 1 డిగ్రీ వేడెక్కేసరికే దాదాపు 5 రెట్లు తరచుగా వస్తోంది. 1.5 డిగ్రీలకు అది 8.6 రెట్లు, 2 డిగ్రీలకు దాదాపు 14 రెట్లు అవుతుంది. కాబట్టి వడగాడ్పుల గురించి మొదటి రోజే ధైర్యంగా రాయవచ్చు. కుండపోత వానల విషయంలోనూ భౌతికశాస్త్రం స్పష్టంగానే ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. 2017లో టెక్సస్‌ను ముంచెత్తిన హరికేన్ హార్వీలో ఒకచోట 1,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. ఆ వాన తీవ్రతను భూతాపం సుమారు 15 శాతం పెంచిందని లెక్కించారు. కరువుల దగ్గరకు వచ్చేసరికి ప్రాంతాన్ని బట్టి జవాబు మారుతుంది. ప్రపంచమంతటా తుపానుల మొత్తం సంఖ్య పెరిగిందని చెప్పడానికి ఆధారం బలహీనం, వాటిలో తీవ్రమైన వాటి వాటా పెరిగి ఉండవచ్చన్న దానికి ఆధారం మెరుగు. వడగళ్లు, టోర్నడోల గురించి ఇంకా తక్కువ చెప్పగలం. అన్నిటినీ ఒకే గాటన కట్టి “వాతావరణ మార్పు ఎఫెక్ట్” అని స్టాంపు వేయడం, అసలు ఆ ఊసే ఎత్తకుండా “ప్రకృతి పగబట్టింది” అని తేల్చేయడం రెండూ ఒకే సోమరితనం నుంచి పుట్టినవి. మీ వాతావరణ విలేకరి బల్ల మీద ఈ వరుసక్రమం ఒక కాగితం మీద రాసి ఉంటే చాలు, మొదటి రోజు వార్తకు ఒక్క వాక్యం దానిలోంచి దొరుకుతుంది.

అతిశయోక్తి గురించి కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే వాతావరణ మార్పును నమ్మే సంపాదకులు ఎక్కువగా జారేది ఇక్కడే. 2021లో మడగాస్కర్ దక్షిణ ప్రాంతం ఆకలితో అలమటించినప్పుడు, అది వాతావరణ మార్పు వల్ల వచ్చిన తొలి కరువుకాటకమని ఐక్యరాజ్యసమితి ఆహార కార్యక్రమం ప్రకటించింది. ఆ మాటను ఉన్నదున్నట్టు శీర్షికలకు ఎక్కించని పత్రికలు తక్కువ. ఆ ఏడాది డిసెంబరులో వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ తన అధ్యయనంలో తేల్చింది మరొకటి. వానలు పడకపోవడంలో మానవ ప్రభావం ఉన్నా అది చాలా స్వల్పమని, సహజమైన హెచ్చుతగ్గులు, పేదరికం, మౌలిక సదుపాయాల లేమి ప్రధాన కారణాలని చెప్పింది. వేడికి వాతావరణ మార్పు కారణమని చెప్పిన బృందమే ఇక్కడ కాదని చెప్పింది. ఆ పద్ధతి నమ్మదగినదని చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు ఉండదు, కానీ రెండో వార్త వేసినవాళ్లు కొద్దిమందే. 2022 పాకిస్థాన్ వరదల్లోనూ ఇలాగే జరిగింది. 1,700 మందికి పైగా చనిపోయి, 3.3 కోట్ల మంది బతుకులు తలకిందులైన ఆ విపత్తుకు అతిశయోక్తి అవసరం లేదు. అయినా దేశంలో మూడో వంతు నీట మునిగిందన్న మాట ప్రపంచమంతా మార్మోగింది. ఉపగ్రహ చిత్రాలతో కొలిచిన విస్తీర్ణం దాదాపు పదో వంతు. నోటితో చెప్పిన అంకెను చిత్రంతో సరిపోల్చడం పెద్ద పనేమీ కాదు, ఆ చిత్రాలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి.

భూతాపాన్ని అన్నిటికీ కారణంగా చూపడంలో ఇంకో ప్రమాదం ఉంది. బాధ్యత వహించాల్సిన వాళ్లు దాని వెనక దాక్కుంటారు. 2023 సెప్టెంబరులో డేనియల్ తుపాను లిబియాను తాకినప్పుడు అల్ బైదాలో ఒక్క రోజులో 414 మిల్లీమీటర్ల వాన పడింది. డెర్నా పట్టణానికి ఎగువన ఉన్న రెండు డ్యాములు రాత్రి వేళ తెగిపోయి వేలమంది నిద్రలోనే కొట్టుకుపోయారు. భూతాపం అలాంటి వాన పడే అవకాశాన్ని 50 రెట్ల దాకా పెంచిందని అధ్యయనం అంచనా వేసింది. దాన్ని మాత్రమే రాస్తే కథ సగమే. 1970లలో కట్టిన ఆ డ్యాములకు ఏళ్ల తరబడి మరమ్మతులు లేవు, అంతర్యుద్ధంలో దేశం చీలిపోయి ఉంది, వరద దారిలో ఇళ్లు వెలిశాయి, ఈ డ్యాములు తెగితే ప్రళయమేనని ఒక లిబియా జలశాస్త్రవేత్త ముందటి ఏడాదే రాశారు. 2024 జూలైలో అక్కడి న్యాయస్థానం 12 మంది అధికారులకు జైలు శిక్షలు విధించింది. విపత్తు జరిగిన వారమంతా డెర్నా పేరు మొదటి పేజీలో పెట్టినవాళ్లలో ఎందరు ఆ తీర్పును లోపలి పేజీలోనైనా వేశారు? వాన ఎంత పడిందన్న ప్రశ్నకు వాతావరణ శాస్త్రవేత్త జవాబు చెబుతాడు. అంతమంది ఎందుకు చనిపోయారన్న ప్రశ్నను ఇంజనీరును, పట్టణ ప్రణాళిక అధికారిని, నిధులు ఆపినవాళ్లను అడగాలి. మీ వాతావరణ విలేకరి, మున్సిపల్ విలేకరి, ఆరోగ్య విలేకరి ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్ప ఈ కథ పూర్తిగా రాదు. చాలా సంస్థల్లో వీళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేది కూడా అరుదే.

కార్చిచ్చులకు వస్తే, పాఠకుల తలలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతుంటాయి: నిప్పు ఎవరు పెట్టారు, అది ఎందుకు అంత విస్తరించింది. 2020 జనవరి మొదట్లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ పోలీసులు మంటలకు సంబంధించి 180 మందికి పైగా మీద చర్యలు తీసుకున్నామని ప్రకటించారు. దాన్ని పట్టుకుని అంతమంది అడవులు తగలబెట్టారన్న ప్రచారం దావానలాన్ని మించి పాకింది. ఆ ప్రకటన చివరి దాకా చదివితే, కావాలని నిప్పు పెట్టారన్న అభియోగం ఉన్నవాళ్లు 24 మంది. మిగిలినవాళ్లలో 53 మంది నిప్పు రాజేయకూడదన్న నిషేధాన్ని ఉల్లంఘించినవాళ్లు, 47 మంది కాలుతున్న సిగరెట్టో అగ్గిపుల్లో పారేసినవాళ్లు. ఒక పత్రికా ప్రకటనను కింద దాకా చదవకపోవడం వల్ల ఒక దేశపు చర్చ దారి తప్పింది. నిప్పురవ్వకు కారణం ఎవరైనా కావచ్చు. ఆ అడవి అంత ఎండి, ఆ గాలి అంత వేడెక్కి ఉండటం వేరే సంగతి. ఆ సీజనులో మంటలకు అనువైన వాతావరణం ఏర్పడే అవకాశం కనీసం 30 శాతం పెరిగిందని తర్వాతి అధ్యయనం తేల్చింది.

సమతూకం పేరుతో శాస్త్రవేత్త పక్కన ఒక సంశయవాదిని కూర్చోబెట్టే అలవాటు ఇప్పుడు తగ్గింది, మంచిదే. 1988 నుంచి 2002 దాకా అమెరికాలోని నాలుగు ప్రముఖ పత్రికల్లో వచ్చిన 636 వార్తలను 2004లో పరిశీలించిన ఇద్దరు పరిశోధకులు, వాటిలో సగానికి పైగా రెండు పక్షాలకూ సమాన బరువు ఇచ్చి అసలు చిత్రాన్ని వంకర చేశాయని చూపించారు. ఇప్పుడు సందేహాన్ని వేరే దారిలో తెస్తున్నారు. చలి ఎక్కువగా ఉన్న ఒక వారం చూపించి “భూతాపం ఎక్కడ?” అని చర్చ పెట్టడం దానికి మచ్చు. దీని మీద ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

అవకాశాల భాష మాత్రం మీ డెస్కుల్లో అందరికీ ఒకసారి నేర్పించాలి. “వందేళ్లకు ఒకసారి వచ్చే వరద” అంటే ఇప్పుడు వచ్చింది కనుక మళ్లీ వందేళ్ల దాకా రాదని కాదు. ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం 1 శాతం అని. ఆ లెక్కన 30 ఏళ్ల ఇంటి రుణం తీరేలోగా అలాంటి వరదను చూసే అవకాశం 26 శాతం. అంటే నాలుగింట ఒక వంతు. అదీ వాతావరణం మారకుండా ఉంటే. అలాగే 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దాని కంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువగా ఉందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించగానే, భూతాపాన్ని అదుపు చేసేందుకు దేశాలు కుదుర్చుకున్న పారిస్ ఒప్పందపు 1.5 డిగ్రీల హద్దు చెరిగిపోయిందని కొందరు, ఇక చేయగలిగింది లేదని మరికొందరు రాశారు. ఆ హద్దు ఏ ఒక్క ఏడాదికీ సంబంధించినది కాదు, దాదాపు రెండు దశాబ్దాల సగటుకు సంబంధించినది. అది దాటినా కథ ముగియదు. ప్రతి పదో వంతు డిగ్రీకీ వేడి, వాన లెక్కలు మారుతూనే ఉంటాయని పైన చెప్పిన ఐపీసీసీ అంకెలే చెబుతున్నాయి. ప్రళయానికి గడువు తేదీ ప్రకటించే శీర్షికలు చదివినవాడు, ఆ తేదీ గడిచాక మీ మాట ఏదీ నమ్మడు.

మీరు దాదాపుగా వేయని ఒక వార్త ఉంది. 1970 నవంబరులో బంగాళాఖాతపు భోలా తుపాను ఇప్పటి బంగ్లాదేశ్‌లో కనీసం 3 లక్షల మందిని బలి తీసుకుంది. ఇప్పుడు అంతే బలమైన తుపానులు అదే తీరాన్ని తాకినా మరణాలు ఆ స్థాయికి దరిదాపుల్లో కూడా ఉండటం లేదు. ప్రపంచవ్యాప్తంగా వాతావరణ విపత్తుల మరణాలు 1970లలో ఏడాదికి సగటున 50,000కు పైగా ఉండగా, 2010లలో 20,000 లోపుకు తగ్గాయని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క. విపత్తుల సంఖ్య పెరిగిన కాలంలోనే ఇది జరిగింది. ముందస్తు హెచ్చరికలు, రక్షణ కేంద్రాలు, ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కదిలించిన స్వచ్ఛంద కార్యకర్తలు దీనికి కారణం. జరగని మరణాన్ని ఫొటో తీయలేమన్నది నిజమే. అయితే లక్షల మందిని ఒక్క రాత్రిలో ఎలా తరలించారో, ఎవరు కదలనన్నారో, వాళ్లను ఎలా ఒప్పించారో రాయవచ్చు కదా. భయం మాత్రమే చూపించి, తప్పించుకోగల దారి ఒక్కసారీ చూపించకపోతే పాఠకుడు ఛానెల్ మారుస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు.

చివరిగా నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మీ ప్రతి సంస్థలోనూ విపత్తుల ఫాలో అప్ కోసం ఒక డైరీ తెరవండి. ఒక తీవ్ర ఘటన జరిగిన రోజునే అందులో తేదీలు రాసి పెట్టండి. రికార్డు ధ్రువీకరణ గురించి వాతావరణ విభాగాన్ని పది రోజుల తర్వాత అడగాలి. కారణాల మీద అధ్యయనం వచ్చిందా అని నెలకు చూడాలి. అదనపు మరణాల గణాంకాలు వచ్చాయా అని ఆరు నెలలకు, ఏడాదికి ఆరా తీయాలి. విచారణ సంఘం నివేదిక ఏమైందో ఏటా అదే తేదీన ఒకసారి అడగాలి. జవాబు రాకపోతే, రాలేదన్నదే వార్త. ఈ డైరీని ఒకరి పేరు మీద పెట్టండి, అందరిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతుంది.

మొదలుపెట్టడానికి ఒక కథనం సూచిస్తాను. గత వేసవిలో వేడి వల్ల చనిపోయారని మీరు రోజువారీగా ప్రచురించిన సంఖ్యలన్నీ కూడి ఒక పక్కన పెట్టండి. అదే కాలంలో నమోదైన మొత్తం మరణాలను అధికారుల నుంచి తెప్పించి, అంతకు ముందు ఐదేళ్ల సగటుతో పోల్చి మరో పక్కన పెట్టండి. రెండు అంకెల మధ్య తేడాను, ఆ తేడాలో ఉన్నవాళ్లు ఎవరు, ఏ వయసువాళ్లు, ఎలాంటి ఇళ్లలో ఉండేవాళ్లు అన్నదాన్ని వచ్చే వేసవి మొదలయ్యేలోగా మొదటి పేజీలో వేయండి. అధికారులు ఆ గణాంకాలు ఇవ్వకపోతే, ఎవరిని ఏ తేదీన అడిగారో, ఏమని జవాబిచ్చారో అదే పేజీలో వేయండి.

ఇట్లు,
మీ పాఠకులలో ఒకరు